తెలుగు కరపత్రాల్లో దండగ మాటలను కమాండ్ లైన్‌తో పట్టుకోవడం ఎలా?

ఉప్పుటేరు (విడవలూరు):

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. ఇక్కడ ఒక రొయ్యల రైతుల సంఘానికి కరపత్రాలు, సలహా పత్రాలు రాసిపెడుతుంటాను. శాస్త్రవేత్తల నుంచి, హేచరీల (రొయ్య పిల్లలను పెంచి అమ్మే కేంద్రాల) నుంచి, మందుల కంపెనీల నుంచి వచ్చిన కాగితాలను చెరువు గట్టు మీద నిలబడి చదువుకునేలా తిరగరాయడం నా పని.

కష్టమంతా ఆ కాగితాల భాషతోనే. ఈమధ్య వచ్చిన ఒక వాక్యం చూడండి: “చెరువు నీటి యొక్క ప్రాణవాయువు శాతము తెల్లవారుజామున తగ్గుదల చెందే అవకాశం ఉన్నందున ఏరియేటర్లను నడిపించే విధంగా తగు చర్యలు తీసుకోవడం జరగాలి.” రైతుకు చెప్పవలసింది ఇంతే: తెల్లవారేదాకా ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆపకండి. రాత్రిపూట నీటిలోని నాచు, ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కూడా ప్రాణవాయువును వాడుకుంటాయి కాబట్టి సూర్యోదయానికి కాస్త ముందు అది బాగా పడిపోతుంది. ఆ వేళ యంత్రం ఆగితే పంట మొత్తం పోవచ్చు. అంత ముఖ్యమైన మాట వాక్యం చివర, అదీ “తగు చర్యలు” కింద దాక్కుంది.

ఇంగ్లిష్ నివేదికలకు నేను ‘డిక్షన్’ అనే చిన్న ప్రోగ్రాం వాడతాను. టెర్మినల్‌లో ఫైలు పేరు ఇస్తే సాగదీసిన పదబంధం ఉన్న ప్రతి వాక్యాన్నీ పంక్తి సంఖ్యతో చూపిస్తుంది. దోషాన్ని చదరపు బ్రాకెట్లలో పెడుతుంది. ‘సజెస్ట్’ ఐచ్ఛికం ఇస్తే బాణం గుర్తు వేసి చిన్న మాటను కూడా చెబుతుంది. తెలుగుకు అలాంటిది ఉందా? లేకపోతే ఉన్న పనిముట్లతో తయారు చేసుకోవచ్చా? సంఘం కంప్యూటర్‌లో ఉబుంటు (లినక్స్) ఉంది. ఇంటర్నెట్ లేకుండా నడిచేది అయితే మేలు.

నల్లరాయి (చీమకుర్తి):

డిక్షన్‌తో పాటు ఇంగ్లిష్, జర్మన్, డచ్ జాబితాలు వస్తాయి, తెలుగు జాబితా లేదు. సొంత జాబితా ఇచ్చుకునే వీలుంది కానీ తెలుగుకు గ్రెప్ (ఫైలులో మాటలు వెతికే ఆదేశం) తిన్నగా పని చేస్తుంది. ఆస్పెల్‌కు తెలుగు నిఘంటువు ఉంది, అయితే అది అక్షరదోషాలకే. “తీసుకోవడం జరగాలి”లో ఏ మాటకు ఆ మాట సరైనదే కాబట్టి అది పట్టించుకోదు.

ప్రూఫు బల్ల (కందుకూరు):

అమ్మా, మీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను. కందుకూరులో డీటీపీ చేస్తూ, ప్రూఫులు దిద్దుతూ బతుకుతున్న మనిషిని నేను. పొగాకు రైతుల కాగితాలు, బడి వార్షికోత్సవ పత్రికలు, గుడి కరపత్రాలు అన్నీ నా బల్ల మీదకు వస్తాయి. అన్నిటిలోనూ ఇదే జబ్బు. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆ ప్రోగ్రాం సంగతి. డిక్షన్ మొదట బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. లోరిండా చెర్రీ అనే ఆమె, రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం వెస్టర్‌మన్ దాని గురించి రాసిన పత్రం 1980ల మొదట్లోది. తర్వాత అది యూనిక్స్ ‘రైటర్స్ వర్క్‌బెంచ్’లో భాగమైంది. మీ ఉబుంటులో ఉన్నది మైకేల్ హార్ట్ రాసిన గ్నూ రూపం. దాని బలం కోడులో కంటే జాబితాలో ఉంది. అనుభవం ఉన్న సంపాదకులు ఎర్ర సిరా పెట్టే పదబంధాలను ఒక మామూలు ఫైలులో పంక్తికొకటి చొప్పున రాసి, ఇవి ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకమని యంత్రానికి చెప్పారు. వాక్యం బాగుందా లేదా అనే తీర్పు యంత్రానిది కాదు. అందుకే ఆ పద్ధతి తెలుగుకు కూడా వస్తుంది, జాబితా మాత్రం మన కాగితాల నుంచే పుట్టాలి.

జాబితాలో పూర్తి పదాలు రాయకండి, ముక్కలు రాయండి. తెలుగులో క్రియ తోక మారుతూనే ఉంటుంది. “చేయడం జరిగింది”, “చేయడం జరుగుతుంది”, “తీసుకోవడం జరగాలి” అని విడివిడిగా రాస్తూ పోతే అంతు ఉండదు. ‘డం జర’ అనే ముక్క ఒక్కటి పెడితే అన్నీ చిక్కుతాయి. “పెళ్లి జరిగింది”, “ప్రమాదం జరిగింది” వంటి సరైన వాడుకలు దీనికి తగలవు. ‘టం’ అని రాసేవారి కోసం ‘టం జర’ కూడా పెట్టండి.

కర్మణి ప్రయోగానికి మాత్రం జాగ్రత్త కావాలి. ‘బడి’ అని పెట్టారా, దిగుబడి, పెట్టుబడి, రాబడి అన్నీ వచ్చి పడతాయి. రైతుల కాగితాల్లో ఆ మూడూ లేని పేజీ ఉండదు. ‘నబడ’ అని పెడితే కనబడటం, వినబడటం దొరుకుతాయి, అవి మంచి తెలుగే. ‘చబడ’, ‘యబడ’ అని పెట్టండి. పరిశీలించబడును, నిర్వహించబడినది, నిలిపివేయబడవలెను వంటివన్నీ ఈ రెండింటికీ దొరికిపోతాయి.

ఇంకా నా జాబితాలో ఉన్నవి: ‘యొక్క’, ‘తగు చర్య’, ‘తగిన చర్య’, ‘అనేటువంటి’, ‘తగ్గుదల చెంద’, ‘విధంగా చర్యలు’, ‘తిరిగి పునః’, ‘తెలియజేయునది ఏమనగా’. ఈ చివరిదాన్ని మర్యాద అనుకుని వదిలేస్తారు. రైతు సమయాన్ని కాపాడటమే మర్యాద అని నా నమ్మకం.

తప్పు వాడుకలకు వేరే ఫైలు పెట్టుకోండి. ‘పధక’ (పథకం), ‘ప్రాధమిక’ (ప్రాథమిక), ‘భాద్యత’ (బాధ్యత), ‘గ్రంధ’ (గ్రంథం), ‘ఉచ్ఛార’ (ఉచ్చారణ). అర్థం, అర్ధం గొడవకు ‘అర్ధమ’ అని పెట్టండి. అర్ధరాత్రిని, అర్ధ సంవత్సరాన్ని ముట్టుకోకుండా “అర్ధమైంది”, “అర్ధమయ్యే” వంటి తప్పులను చూపిస్తుంది. గుడి కరపత్రమైతే అర్ధమండపం కూడా వస్తుంది, దాన్ని చూసి వదిలేయాలి.

ఇక నడిపే తీరు. గ్రెప్‌కు ‘హైఫన్, చిన్న ఎన్’ ఇస్తే పంక్తి సంఖ్య వస్తుంది. ‘హైఫన్, చిన్న ఎఫ్’ ఇచ్చి పక్కన జాబితా ఫైలు పేరు, ఆ తర్వాత కరపత్రం ఫైలు పేరు ఇవ్వాలి. అంతే. కానీ మనుషుల ప్రాణం తీసే చిక్కులు ఇక్కడే ఉన్నాయి.

జాబితాలో ఒక్క ఖాళీ పంక్తి ఉన్నా గ్రెప్ పత్రంలోని ప్రతి పంక్తినీ చూపిస్తుంది, ఎందుకంటే ఖాళీ అనేది అన్నిటిలోనూ ఉంటుంది. జాబితాను విండోస్ నోట్‌ప్యాడ్‌లో తయారు చేస్తే పంక్తి చివర కంటికి కనిపించని గుర్తు ఒకటి చేరుతుంది, అప్పుడు ఒక్కటీ దొరకదు. ‘డాస్‌టుయూనిక్స్’ అనే ఆదేశంతో దాన్ని తీసేయాలి. పాత అను ఫాంట్లలో టైపు చేసిన కాగితం అయితే ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు.

‘వర్క్‌షాప్’ వంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడటానికి కొందరు కనిపించని అక్షరం ఒకటి వేస్తారు, కొందరు వేయరు. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. వెతికే ముందు, పాఠంలో మార్పులు చేసే ఆదేశమైన సెడ్‌తో దాన్ని తీసేసిన నకలు తీసుకుని, ఆ నకలు మీదే గ్రెప్ నడపండి.

అన్నిటికంటే పెద్దది పంక్తి విరుపు. డిక్షన్ వాక్యాన్ని చూస్తుంది, గ్రెప్ పంక్తిని చూస్తుంది. వర్డ్ ఫైలును, ఫైళ్ల రూపం మార్చే ప్రోగ్రాం అయిన పాన్‌డాక్‌తో మామూలు పాఠంగా మారిస్తే అది మామూలుగా 72 అక్షరాల దగ్గర పంక్తి విరిచేస్తుంది. “చేయడం” ఒక పంక్తిలో, “జరిగింది” కింది పంక్తిలో పడితే గ్రెప్‌కు అది లేనట్టే. ‘వ్రాప్’ ఐచ్ఛికానికి ‘నన్’ అని ఇవ్వండి. అప్పుడు పేరా అంతా ఒకే పంక్తి అవుతుంది. ఆ తర్వాత చుక్క, ఖాళీ వచ్చిన చోటల్లా సెడ్‌తో పంక్తి మార్చుకోండి. “రూ. 500”, “డా.” దగ్గర కూడా విరుగుతుంది కానీ దానివల్ల నష్టం లేదు, ఇది వెతకడానికి తీసిన నకలే కదా.

సలహా కూడా కావాలంటే ఆక్ చాలు, అది పంక్తులను ఒక్కొక్కటిగా చదివి మనం చెప్పిన పని చేసే చిన్న భాష. జాబితాలో మాట, ట్యాబు, సలహా అని రాసుకోండి. ఆక్ ముందు జాబితాను చదివి గుర్తుంచుకుంటుంది. తర్వాత పత్రంలోని ప్రతి పంక్తిలో ‘ఇండెక్స్’ ఫంక్షన్‌తో ఒక్కొక్క మాటనూ వెతికి, దొరికితే పంక్తి సంఖ్య, సలహా అచ్చు వేస్తుంది. నాలుగైదు పంక్తుల పని. డిక్షన్‌లో ఒకే మాట రెండుసార్లు వస్తే తప్పుగా చూపే పద్ధతి ఉంది. దాన్ని మాత్రం తెలుగులోకి తేకండి. “చిన్న చిన్న చెరువులు”, “మళ్లీ మళ్లీ చూడండి” అనేవి మన నుడికారం.

పలక (మార్కాపురం):

ప్రూఫు బల్ల గారూ, మీ మాటల్లో చాలా భాగం ఒప్పుకుంటాను. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. నేను రెవెన్యూ శాఖలో పని చేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. “ఉత్తర్వులు జారీ చేయడమైనది” అనే వాక్యంలో చేసినవారి పేరు లేకపోవడం దోషం కాదు. కింద సంతకం, హోదా, ముద్ర ఉంటాయి. మనిషి బదిలీ అయినా ఆ హోదా పేరుతో ఉత్తర్వు నిలుస్తుంది. దస్తావేజుల్లో హద్దులు రాసేటప్పుడు కూడా ‘యొక్క’ తీసేస్తే ఏ స్థలం ఎవరిదో తికమక అయ్యే వాక్యాలు నేను చూశాను. ఇలాంటి జాబితాను కుర్రవాళ్లకు ఇస్తే అన్నిటినీ గుడ్డిగా కొట్టేస్తారేమోనని నా భయం.

ప్రూఫు బల్ల (కందుకూరు):

పలక గారూ, నిజమే. అందుకే నేను జాబితాలను వేరువేరుగా ఉంచుతాను: కరపత్రాలకు ఒకటి, అర్జీలకు ఒకటి. దస్తావేజుల జోలికి అసలు వెళ్లను. గ్రెప్ చూపిస్తుందే తప్ప మార్చదు. సెడ్‌తో ఒకేసారి అన్నీ మార్చేసే స్క్రిప్టు రాయమని ఎవరైనా అడిగితే నేను రాసివ్వను. “యొక్క” తీయాలంటే దాని ముందు మాటకు విభక్తి సరిచేయాలి, అది మనిషి చూసి చేయవలసిన పని. కానీ ఆ ఉత్తర్వు కింద ఉన్న సంతకం, ముద్ర రైతుల కరపత్రం కింద ఉండవు కదా. అక్కడ ఎవరు చేయాలో వాక్యంలోనే ఉండాలి.

ఉప్పుటేరు (విడవలూరు):

ఇద్దరికీ, నల్లరాయి గారికీ కృతజ్ఞతలు. మా పాత కరపత్రాల ఫోల్డరు మొత్తం మీద నడిపి చూశాను. ఎక్కువగా దొరికినవి ‘డం జర’, ‘తగు చర్య’. సంఖ్య కంటే ఆ వాక్యాలను దిద్దబోయినప్పుడు జరిగినది మీకు చెప్పాలి.

ఒక పత్రంలో “విత్తనాన్ని తెల్లమచ్చ వ్యాధికి పరీక్షించడం జరిగింది” అని ఉంది (విత్తనం అంటే రొయ్య పిల్లలు). దాన్ని “పరీక్షించారు” అని మార్చబోతే ఎవరు అనే ప్రశ్న వచ్చింది. సంఘమా, హేచరీనా, ప్రభుత్వ ప్రయోగశాలా? ఫోన్ చేసి కనుక్కుంటే పరీక్ష చేసింది విత్తనం అమ్మినవారే. రైతులేమో సంఘం పరీక్ష చేయించిందని అనుకుంటున్నారు. తెల్లమచ్చకు మందు లేదు, వేసే ముందు పరీక్ష చేయించడం మన చేతిలో ఉన్న ముఖ్యమైన జాగ్రత్త. ఆ వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: “విత్తనాన్ని హేచరీ వారు పరీక్షించారు. చెరువులో వదిలే ముందు మీరు కూడా వేరేచోట పీసీఆర్ పరీక్ష చేయించండి.” అక్షరాలు పెరిగాయి. అయినా ఇదే సరైన వాక్యమని మా అధ్యక్షులు వెంటనే ఒప్పుకున్నారు.

అలాగే “నిషేధిత యాంటీబయాటిక్స్ వాడకం నిలిపివేయబడవలెను” అన్నది “క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు వాడకండి, దుకాణదారు ఇచ్చినా తీసుకోకండి” అయింది.

ఒక సందేహం మిగిలింది. ‘టం జర’ పెట్టాక “నష్టం జరిగింది” ఉన్న పంక్తులన్నీ వస్తున్నాయి. మా పత్రాల్లో నష్టాల కబురు ఎక్కువ. గ్రెప్‌కు ‘హైఫన్, చిన్న వి’ ఇచ్చి వాటిని తీసేయవచ్చా?

ప్రూఫు బల్ల (కందుకూరు):

తీసేయవచ్చు కానీ అలా చేస్తే పంక్తి మొత్తం పోతుంది. అదే పంక్తిలో ‘యొక్క’ ఉన్నా మీకు కనిపించదు. దానికంటే జాబితాలోనే మార్చండి. “నష్టం”లో ‘ట’కు ముందు పొల్లు గుర్తు ఉంటుంది, “చేయటం”, “రావటం” వంటి వాటిలో ఉండదు. కాబట్టి ‘టం జర’కు ముందు చదరపు బ్రాకెట్లు పెట్టి, వాటి లోపల టోపీ గుర్తు, దాని పక్కన పొల్లు గుర్తు రాయండి. “ఇక్కడ పొల్లు తప్ప ఇంకేదైనా ఉండవచ్చు” అని దాని అర్థం. పొల్లును ఒంటరిగా టైపు చేస్తే తెరమీద చుక్కల వలయంతో కనిపిస్తుంది, కంగారు పడకండి. పెద్ద ఎఫ్ ఐచ్ఛికం వాడుతుంటే దాన్ని తీసేయాలి, లేకపోతే బ్రాకెట్లను కూడా మామూలు అక్షరాలుగానే వెతుకుతుంది. టెర్మినల్ లొకేల్ (భాష, అక్షరాల అమరిక) యూటీఎఫ్-8లో ఉండేలా చూసుకోండి. ఉబుంటులో మామూలుగా అలాగే ఉంటుంది.

ఆక్‌లోని ఇండెక్స్‌కు మాత్రం ఈ బ్రాకెట్లు తెలియవు. అక్కడ ‘మ్యాచ్’ ఫంక్షన్ వాడాలి. మీ జాబితా ఇక్కడ పెట్టండి, రెండూ కలిపి స్క్రిప్టు రాసి ఇస్తాను.