‘ఐక్యమత్యమే మా బలం’ అని ఫ్లెక్సీ కొట్టించాం, మార్చాలా వద్దా?

రాజాం కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లె. వచ్చే వారం అమ్మవారి సంబరం, ఊరి మొదట్లో కట్టడానికి యువజన సంఘం తరఫున పెద్ద ఫ్లెక్సీ వేయించాం. పైన ‘ఐక్యమత్యమే మా బలం’, కింద ‘ఐక్యమైన మా గ్రామ పెద్దలకు స్వాగతం’ అని ఉంది. మా పెదనాన్న తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, చూడగానే రెండు లైన్లూ తప్పే, ఇది కడితే నేను సంబరానికి రాను అనేశారు. కుర్రాళ్ళేమో అందరూ అలాగే అంటారు కదా, మళ్ళీ డబ్బులు ఎక్కడి నుంచి తేవాలి అంటున్నారు. రెండు రోజులుగా నాకు ఇదే టెన్షన్. తెలుగంటే ఇష్టమే గానీ వ్యాకరణం రాదు. ఐక్య, ఐకమత్య, సమైక్య, ఉమ్మడి, ఇన్ని మాటలున్నాయి, మామూలు వాక్యంలో దేన్ని ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

బొబ్బిలి మాస్టారు:
బాబూ, మీ పెదనాన్నగారి మాటే సరైంది. ధీరుడి గుణం ధైర్యం, శూరుడి గుణం శౌర్యం. మొదటి అక్షరం మారుతుంది, చివర యవత్తు చేరుతుంది. ఏక నుంచి ఐక్యం అలాగే వచ్చింది. ఏకమతం అంటే ఒకే అభిప్రాయం (ఇక్కడ మతం అంటే దేవుడికి సంబంధించింది కాదు), దానికీ ఇదే పని చేస్తే ఐకమత్యం అవుతుంది. ఐ తర్వాత వట్టి ‘క’. యవత్తు మాట మొత్తానికి ఒక్కసారే, అదీ చివర్లోనే వస్తుంది. ‘ఐక్యమత్యం’లో రెండుచోట్ల పడింది, అదే తప్పు.

అసలు నన్ను కంగారు పెట్టింది మీ రెండో లైను. ఐక్యం కావడం అంటే కలిసిపోవడం, లీనం కావడం. పీఠాధిపతులు కాలం చేస్తే ‘శివైక్యం చెందారు’ అని రాస్తాం. ‘ఐక్యమైన మా గ్రామ పెద్దలు’ అంటే చదివేవాళ్ళకు పోయిన పెద్దలు గుర్తొస్తారు. సంబరం పూట బతికున్నవాళ్ళ గురించి అలా రాయొద్దు. ‘ఐకమత్యంతో మెలిగే మా పెద్దలకు’ అనండి, ‘ఒక్కమాట మీదుండే’ అన్నా బాగుంటుంది.

వంశధార ఒడ్డు:
మాస్టారూ, రెండో లైను సంగతి ఒప్పుకుంటాను, మొదటిది మాత్రం ఒప్పుకోను. మాది శ్రీముఖలింగం వైపు. గిడుగు రామమూర్తిగారు 1863లో పుట్టిన పర్వతాలపేట మాకు పక్కనే. జనం నోట్లో ఉన్న భాష రాయండి అని జీవితాంతం పోరాడిన మనిషి ఆయన, పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, మళ్ళీ ఆయన ప్రాంతంలోనే ఒక యవత్తు కోసం కుర్రాళ్ళ చేత ఫ్లెక్సీ చింపిస్తామా? ఇంకో మాట. ఐక్యం అంటేనే ఒక్కటిగా ఉండడం. దానికి మళ్ళీ ‘త’ తగిలించి ఐక్యత అంటున్నాం, ప్రాధాన్యత, ప్రావీణ్యత లాగే. 2014 నుంచి ఏటా అక్టోబరు 31న జాతీయ ఐక్యతా దినం కూడా జరుపుకుంటున్నాం. ఆ ‘త’కు లేని అభ్యంతరం ఈ యవత్తుకు ఎందుకు?

బొబ్బిలి మాస్టారు:
మంచి ప్రశ్నే. ఐక్యత నేను రాయను, నాకు ఐక్యం చాలు. అయితే పిల్లలు రాస్తే మార్కులు తీసేసేవాణ్ణి కాదు, ఎందుకంటే ఆ మాట పుస్తకాల్లో, పేపర్లలో ఏళ్ళ తరబడి నలిగి స్థిరపడిపోయింది. ఐక్యమత్యం అలా స్థిరపడలేదు, ఈరోజుకీ పాఠం చెప్పేవాళ్ళు దిద్దుతూనే ఉన్నారు. ఇక గిడుగువారి సంగతి. గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోనే తప్పులు ఏరి చూపించినవారాయన. సవర భాషను సవరల నోటి నుంచి విని నేర్చుకున్నారు. మాటను అంత శ్రద్ధగా విన్న మనిషి పేరు చెప్పి, చూసుకోకుండా అచ్చేసినదాన్ని సమర్థించడం నాకు బాధగా ఉంది. మీ అమ్మగారు ఇంట్లో ఐక్యమత్యం అంటారా?

వంశధార ఒడ్డు:
అనదు. ‘అన్నదమ్ములు కట్టుగా ఉన్నారు’ అంటుంది.

బొబ్బిలి మాస్టారు:
అదీ గిడుగువారు కోరిన తెలుగు! ఫ్లెక్సీ మీద అది రాస్తే నాకే అభ్యంతరమూ లేదు.

పాలకొండ కోడలు:
ఒక యవత్తు దగ్గరే ఆగిపోయారు, తమ్ముడు అడిగిన అసలు ప్రశ్న వదిలేశారు. ఈ మాటలు ఒకదాని చోట ఒకటి పెట్టేవి కావు. ఉమ్మడి కుటుంబం అంటాం, ఐక్య కుటుంబం అనం. ఐక్యరాజ్య సమితి అంటాం, అక్కడ ఉమ్మడి పనికిరాదు. ఉమ్మడి అంటే ఆస్తి, గోడ, బావి, పొయ్యి పంచుకోవడం, మనసులు కలిశాయా లేదా అన్నది ఆ మాట చెప్పదు. మా పుట్టింట్లో ఇరవై మందిమి ఒకే కప్పు కింద పెరిగాం, పెదనాన్న, నాన్న ఐదేళ్ళు మాట్లాడుకోలేదు. ‘ఉమ్మడి కుటుంబమే గానీ ఐకమత్యం లేదు’ అని మా నాయనమ్మ ఏడ్చేది. ఆ వాక్యం ఒక్కటి గుర్తుంటే చాలు, తేడా మర్చిపోరు.

ఇంకోటి చూడండి. 2013లో మన గోడల నిండా ‘సమైక్యాంధ్ర’, అక్టోబరులో విజయనగరంలో కర్ఫ్యూ కూడా పెట్టారు. ఎవరూ ఉమ్మడి ఆంధ్ర కావాలి అని రాయలేదు. 2014లో రాష్ట్రం విడిపోయాక అదే ‘ఉమ్మడి ఆంధ్రప్రదేశ్’ అయింది. 2022 ఏప్రిల్ 4న మా పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, మీ రాజాం విజయనగరంలోకి వెళ్ళాయి, అప్పటి నుంచి పేపర్లో ‘ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా’ అని చదువుతున్నాం. విడిపోకూడదు అని గట్టిగా అనేటప్పుడు సమైక్య, విడిపోయాక తలుచుకునేటప్పుడు ఉమ్మడి. నేను పుట్టి పెరిగిన జిల్లాకు ముందు ఆ మాట చూస్తే ఇప్పటికీ మనసు అదోలా అవుతుంది.

చీపురుపల్లి:
ఏకగ్రీవం గురించి కూడా ఒక మాట. గ్రీవం అంటే మెడ, అందరూ ఒకే గొంతుతో ఒప్పుకుంటే ఏకగ్రీవం. 2021 పంచాయతీ ఎన్నికల్లో మా వార్డులో ఒకాయన్ని బెదిరించి నామినేషన్ ఉపసంహరింపజేసి ‘ఏకగ్రీవంగా ఎన్నిక’ అని బోర్డు కట్టారు. అది ‘పోటీ లేకుండా ఎన్నిక’ అంతే. ఆ తేడా రాసేవాళ్ళు పాటించాలి.

రాజాం కుర్రాడు:
అందరికీ థాంక్స్. మాస్టారు చెప్పిన ‘శివైక్యం’ సంగతి చదివి వినిపించగానే కుర్రాళ్ళు ఇంకేమీ అనలేదు, మళ్ళీ తలా కొంచెం వేసుకున్నాం. కొత్త ఫ్లెక్సీ మీద పైన ‘ఊరంతా ఒక్కమాట’, కింద ‘ఐకమత్యంతో మెలిగే మా గ్రామ పెద్దలకు స్వాగతం’. పెదనాన్న ప్రూఫు చూసి సంతకం పెట్టారు, సంబరానికి వస్తానన్నారు. ఒక్క అనుమానం మిగిలింది. మా సంఘం పేరు ‘ఐక్య యువజన సంఘం’. రబ్బరు స్టాంపు కూడా చేయించేశాం. అదీ మార్చాలా?

బొబ్బిలి మాస్టారు:
అక్కర్లేదు బాబూ. ఐక్యరాజ్య సమితిలో ఐక్య ఎలా కుదిరిందో అక్కడా అలాగే కుదిరింది. స్టాంపు ఉంచుకోండి.