గెలాక్సీ ఫోటోని వేళ్ళతో చూపించడం ఎలా?

ప్రశ్న: మా తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. గెలాక్సీకి భుజాలుంటాయని పాఠంలో విని, అవి ఎలా ఉంటాయో చెప్పమని నన్ను వదలడం లేదు. మాకు స్వెల్ పేపర్, దాన్ని వేడిచేసే మెషీన్ దొరుకుతాయి. హబుల్ టెలిస్కోప్ తీసిన ఎం51 అనే గెలాక్సీ ఫోటోని ఉన్నదున్నట్టు ప్రింట్ తీసి ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు టీచర్ గారూ. స్వెల్ పేపర్ మీద నల్లగా పడిన చోటే వేడిని పీల్చుకుని ఉబ్బుతుంది. ఫోటోలో నల్లగా ఉండేది ఆకాశం. అలాగే తీస్తే ఖాళీ అంతా పైకి లేచి, గెలాక్సీ గుంటలా మిగులుతుంది. కాబట్టి ముందు నెగెటివ్ చేయండి. దాని మీద మధ్యనున్న కేంద్రం, రెండు భుజాలు, ఒక భుజం చివరనున్న చిన్న గెలాక్సీ ఎన్‌జీసీ 5195 మాత్రమే గీసుకుని, మిగతాది తీసేయండి. ధూళి చారలు మన కంటికి ఎంత బాగున్నా, వేలికి ఉత్త గరుకుగానే తగులుతాయి. గీతల మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. బ్రెయిలీ పేర్లు బొమ్మ మీద కాకుండా పక్కన వేయండి, ఆ చుక్కల్ని నక్షత్రాలనుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: గీతల్లో ఎక్కడ వెలుగు ఎక్కువో తెలియదు కదండీ?

జవాబు: తెలియదు, దానికి త్రీడీ ప్రింటే మేలు. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ వాళ్ళ టాక్టైల్ యూనివర్స్ ప్రాజెక్టులో చేసేది ఇదే: వెలుగు ఎక్కువున్న చోట ఎత్తు ఎక్కువ. లిథోఫేన్ టూల్స్ (ఫోటోని ఎత్తుపల్లాలున్న త్రీడీ బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్) మామూలుగా నలుపుని మందంగా చేస్తాయి, ఆ సెట్టింగ్ తిరగేయండి. ఫోటోకి అడ్డుపడే మన పాలపుంత నక్షత్రాల్ని ముందే చెరిపేసి, కాస్త బ్లర్ చేయండి. లేకపోతే అవి సూదుల్లా గుచ్చుకుంటాయి. ఎత్తంటే వెలుగేనని, అక్కడ నిజంగా గుట్ట లేదని పాపకి తప్పకుండా చెప్పండి.

మరో జవాబు: నాకూ చూపు లేదు, అందుకే ఈ మాట. దయచేసి తన చెయ్యి పట్టుకుని బొమ్మ మీద లాగకండి. మొదట ఏమీ చెప్పకుండా రెండు చేతులతో మొత్తం తడుముకోనివ్వండి. తర్వాత ఒక చెయ్యి కేంద్రం మీదే ఉంచి, రెండో చేత్తో భుజం వెంట వెళ్ళమనండి. షీటునీ త్రీడీ ప్రింటునీ ఒకే సైజులో చేస్తే పోల్చుకోవడం తేలిక. రెండింటికీ పైన కుడి మూల కొంచెం కత్తిరించి పెట్టండి. ఏ వైపు పైకి ఉండాలో ఎవర్నీ అడగకుండా తనే పెట్టుకుంటుంది.