వ్యవస్థాపకుడి కంచు విగ్రహం మీద పచ్చ పొడి, ఏం చేయాలి?

మా యూనివర్సిటీని స్థాపించిన పెద్దాయన కంచు విగ్రహం ఆరుబయటే ఉంటుంది. దాన్ని చూసుకునే బాధ్యత ఈమధ్యే మా పూర్వ విద్యార్థుల మీద పడింది. ఒంటి మీదున్న ముదురు గోధుమరంగు పొర గట్టిగా, నున్నగా ఉంది. అది లోహాన్ని కాపాడుతుంది కాబట్టి దాని జోలికి పోము. టెన్షనంతా కోటు మడతల దగ్గరే. అక్కడ లేత ఆకుపచ్చ పొడి లేస్తోంది, వేలితో తాకితే సుద్దలా రాలుతోంది. తుడిచిన రెండు వారాలకే మళ్లీ వచ్చింది. లోపల చేరిన క్లోరైడ్లు (ఉప్పులాంటి లవణాలు) తేమ తగిలినప్పుడల్లా కంచులోని రాగిని తినేసే తెగులు ఇదేనా? కొందరు యాసిడ్‌తో తోమి బంగారు రంగు వేసేయమంటున్నారు. నాకు అస్సలు మనసొప్పడం లేదు, ఆయన ముఖకవళికలే పోతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పూర్తిగా ఆరాక మైనం పూస్తే ఆగుతుందా, లేక నిపుణుల్ని పిలవాల్సిందేనా? ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.