స్వగతం, జనాంతికం, అపవారితం: తేడా గుర్తుండే మార్గం ఏదైనా ఉందా?

కొత్త_పాఠకురాలు:
నమస్తే అండీ. నేను డిగ్రీలో సైన్సు చదివి, ఇష్టంతో ఎం.ఏ. తెలుగులో చేరాను. సంస్కృత నాటకాల అనువాదాలు చదువుతుంటే మాటల పక్కన స్వగతం, ప్రకాశం, జనాంతికం, అపవారితం అని వస్తున్నాయి. అర్థాలు వెతికితే 'ప్రకాశం' తప్ప అన్నీ 'ఇతరులకు వినపడకుండా చెప్పడం' దగ్గరే ఆగుతున్నాయి. బట్టీ పడితే మర్నాటికి కలిసిపోతున్నాయి. పరీక్ష దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. మీరంతా ఎలా గుర్తుపెట్టుకున్నారు?

పేజీ_మడత:
స్వగతం అంటే ఇంగ్లీషులో సాలిలోక్వీ (తనలో తాను మాట్లాడుకోవడం), జనాంతికం అంటే అసైడ్ (పక్కనున్నవాళ్లకు వినపడనట్టు పలికే మాట). ఈ రెండూ వస్తే చాలు, మిగతావి అరుదు.

తెర_పక్కన:
పై జవాబుతో పరీక్ష రాయకండమ్మా, ఇబ్బంది పడతారు. నేను చాలా ఏళ్లు నాటకాలకు ప్రాంప్టింగ్ చేశాను, అంటే తెర పక్క నుంచి నటులకు మాటలు అందించాను. తెర పక్కన నిలబడ్డవాడికి ఈ మాటలు నిర్వచనాలు కావు. 'ఇప్పుడు ఈ మాట వేదిక మీద ఎవరికి వినిపిస్తోంది?' అన్న ప్రశ్నకు జవాబులు. ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే అన్నీ విడిపోతాయి.

స్వగతం వేదిక మీద ఎవరికీ వినపడదు, ప్రేక్షకులకు మాత్రమే. సాలిలోక్వీ అంటే సాధారణంగా పాత్ర ఒంటరిగా ఉన్నప్పుడు పలికేది. సంస్కృత నాటకాల్లో స్వగతం చాలాసార్లు పక్కన మనుషులు ఉండగానే వస్తుంది, వెంటనే 'ప్రకాశం' అని వచ్చి పాత్ర పైకి మాట్లాడుతుంది. అలాంటి చోట అది అసైడ్‌కే దగ్గర. తెలుగులో రెండింటికీ స్వగతం అనే అంటున్నాం, తికమకంతా అక్కడే.

జనాంతికం ఇద్దరి మధ్య. చుట్టూ జనం ఉండగా ఇద్దరు తమలో తాము మాట్లాడుకుంటారు. దానికి గుర్తు చెయ్యి: వేళ్లన్నీ చాచి ఉంగరపు వేలు ఒక్కటే వంచితే త్రిపతాక హస్తం. ఆ చెయ్యి అడ్డం పెడితే మిగతావాళ్లకు వినపడనట్టు లెక్క. అపవారితంలో పాత్ర పక్కకు తిరిగి ఒకరికి రహస్యం చెబుతుంది. ఒకదానికి చెయ్యి అడ్డం, ఇంకోదానికి ఒళ్లు తిప్పడం. ఇంట్లో అద్దం ముందు నిలబడి రెండూ ఒకసారి చేసి చూడండి, ఇక మరిచిపోరు.

ఒకసారి రిహార్సల్లో నాయకుడు స్వగతం చెబుతుంటే పక్కనున్న నటుడు, కొత్త కుర్రాడు, శ్రద్ధగా వింటూ తల ఊపాడు. సీను అక్కడికక్కడే కూలిపోయింది. వినకూడని మాట విన్నాడు మరి! అతన్ని పక్కకు పిలిచి 'ఈ నాలుగు వాక్యాలూ నీకు లేవు' అని చెప్పాను. ఆ తర్వాత అతను ఎప్పుడూ తప్పు చేయలేదు.

ఆకాశభాషితం కూడా ఇందులోదే. వేదిక మీద లేని మనిషితో మాట్లాడుతూ, 'ఏమంటున్నావు?' అని తనే అడిగి, ఆ జవాబూ తనే చెప్పుకోవడం. దశరూపకాల్లో, అంటే పది రకాల సంస్కృత నాటకాల్లో, ఒకటైన భాణం మొత్తం ఒకే నటుడితో నడిచేది దీని బలం మీదే.

కొత్త_పాఠకురాలు:
అద్దం ముందు చేసి చూశానండీ, నిజంగానే విడిపోయాయి! మరి నాటకీయ వ్యంగ్యం? అది వినపడడం గురించి కాదు కదా?

తెర_పక్కన:
మంచి ప్రశ్న. అక్కడ 'ఎవరికి తెలుసు?' అని అడగాలి. ప్రేక్షకులకు తెలిసింది పాత్రకు తెలియకపోవడమే డ్రమటిక్ ఐరనీ. వెటకారంగా మాట్లాడడానికి దీనితో సంబంధం లేదు. ఆ 'వ్యంగ్యం' అన్న మాట చూసి చాలామంది పొరబడతారు.

శాకుంతలం నాలుగో అంకం మొదట్లో విష్కంభం, అంటే అసలు అంకానికి ముందు వచ్చే చిన్న దృశ్యం, చూడండి. దుర్వాసుడి శాపం అక్కడే వస్తుంది. అనసూయా ప్రియంవదలు వింటారు. పరధ్యానంలో ఉన్న శకుంతల వినదు, వాళ్లూ ఆమెకు చెప్పరు. అయిదో అంకంలో దుష్యంతుడు 'నేనెరుగను' అన్నప్పుడు అతను ఎందుకలా అంటున్నాడో మనకు తెలుసు. అతనికి తెలియదు, ఆమెకూ తెలియదు. ఇద్దరి మీదా జాలి పడతాం. శాపం సంగతి మనకు దాచి ఉంటే రాజు మీద కోపం తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. నాకు ఆ విష్కంభమంటే అందుకే అంత ఇష్టం.

పేజీ_మడత:
విష్కంభం అంటే జరిగినదీ జరగబోయేదీ క్లుప్తంగా చెప్పే చిన్న దృశ్యం అనుకుని దాటేసేవాణ్ణి. నా మొదటి జవాబు తప్పే, క్షమించండి. ప్రవేశకం కూడా అలాంటిదేనా?

తెర_పక్కన:
పని ఒకటే. కానీ ప్రవేశకంలో కింది తరగతి పాత్రలే ఉంటాయి, ప్రాకృతం మాట్లాడతాయి. మొదటి అంకం ముందు రాదు, రెండు అంకాల మధ్యనే. ఉంగరం దొరికిన జాలరిని రక్షకభటులు పట్టుకొచ్చే ఘట్టం, ఆరో అంకం మొదట్లోది, ప్రవేశకమే. ఈసారి దాటేయకుండా చదవండి.