ఆర్గ్యూ అంటే పోట్లాటేనా?

మొన్న మా అమ్మాయి హోంవర్క్‌లో, లాయరు కోర్టులో కేసు ఆర్గ్యూ చేశాడన్న ఇంగ్లీషు వాక్యానికి ‘వకీలు కేసు పోట్లాడాడు’ అని రాసింది. తప్పమ్మా, ‘వాదించాడు’ అని రాయాలి అంటే ఒప్పుకోలేదు. ‘అమ్మ నన్ను ఆర్గ్యూ చేయకు అందంటే పోట్లాడకు అనే కదా’ అంది. దాని మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఆ మాట పుట్టుక వెతుక్కుంటూ పోయాను, దొరికింది చూశాక ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంగ్లీషులోకి ఇది సుమారు 1300 ప్రాంతంలో ఫ్రెంచి మీదుగా వచ్చింది. మూలం లాటిన్‌లోని ‘అర్గ్యుయెరె’. అక్కడ దాని అర్థం విషయాన్ని స్పష్టం చేయడం, రుజువు చేయడం, నేరం మోపడం. అరుచుకోవడం అన్న ఊసే లేదు. అయితే ఒకడి తప్పు బయటపెడితే వాడు ఊరుకోడు కదా, మాటకు మాట పెరుగుతుంది, అలా గొడవ అనే అర్థం మెల్లగా వచ్చి చేరిందని నాకనిపిస్తోంది.

ఇంకా వెనక్కి వెళ్తే చాలామంది పండితులు దీన్ని ఇండో-యూరోపియన్‌లోని, అంటే సంస్కృతం, లాటిన్ లాంటి భాషలన్నిటికీ ఉమ్మడి మూలభాషలోని, ‘అర్గ్’ అనే ధాతువుకు కలుపుతారు, అంటే తెల్లగా మెరవడం. లాటిన్‌లో వెండిని ‘అర్జెంటుమ్’ అనేది అందుకే, కెమిస్ట్రీలో వెండి గుర్తు ఏజీ, అర్జెంటీనా పేరు అన్నీ ఆ వెండి నుంచే. సంస్కృతంలో ‘అర్జున’ అంటే తెల్లని, ‘రజతం’ అంటే వెండి, అవీ ఆ కుటుంబమే. అంటే మన అర్జునుడికీ కోర్టు ఆర్గ్యుమెంట్లకీ దూరపు చుట్టరికం! ఇది అందరూ ఒప్పుకున్నది కాదు, ఇప్పటి టర్కీ ప్రాంతంలో పూర్వం మాట్లాడిన హిట్టైట్ భాషలో మొర పెట్టుకోవడం అనే అర్థమున్న మాటతో కలిపేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం తెలుపు దారే నచ్చింది.

ఎందుకంటే తెలుగు కూడా ఆ దారిలోనే నడిచింది. ‘తెలుపు’ అంటే రంగు, ‘తెలుపు’ అంటే చెప్పు. తెల్ల, తెలి, తెలియు, తెలివి, తెల్లవారు, తేటతెల్లం, అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి, అచ్చంగా ద్రావిడం, తమిళంలో ‘తెళివు’ అన్నా స్పష్టతే. లాటిన్‌తో రక్తసంబంధం లేకుండానే మనవాళ్ళూ ‘చీకట్లో ఉన్నదాన్ని తెల్లగా చేయడమే తెలపడం’ అనుకున్నారు. ఇది తట్టినప్పుడు నిజంగా ఒళ్ళు పులకరించింది.

అర్థం కిందికి జారడంలోనూ మనకు తోడుంది. ‘తగవు’ చూడండి. తగు, తగినది అనే మాటలోంచి పుట్టింది, పాత తెలుగులో న్యాయం అని అర్థం, న్యాయం చెప్పేవాడు ‘తగవరి’. ఇప్పుడు తగవంటే కొట్లాట. తెలంగాణలో ‘పంచాయితీ’ కూడా అంతే, తీర్పు చెప్పే చోటు పేరు కాస్తా గొడవకే పేరైంది, ‘నాతో పంచాయితీ పెట్టుకోకు’ అంటాం.

ఈ విషయంలో పాతకాలపు న్యాయశాస్త్రం (కోర్టు చట్టం కాదు, తర్కశాస్త్రం) వాళ్ళు మనకంటే జాగ్రత్తపరులు. గౌతమ మహర్షి న్యాయసూత్రాల్లో మూడు వేర్వేరు పేర్లున్నాయి: నిజం తేల్చుకోవడానికి మాట్లాడుకుంటే వాదం, గెలవడానికి మాట్లాడితే జల్పం, తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనైతే వితండం. జల్పం మన నోళ్ళలోంచి జారిపోయింది, వితండం మాత్రం ‘వితండవాదం’గా ప్రతి ఇంట్లోనూ బతికే ఉంది. ఇంగ్లీషులో ఈ మూడింటినీ ఆర్గ్యూ ఒక్కటే మోస్తోంది, అందుకే మా అమ్మాయి తికమక పడింది.

కోర్టు సంగతైతే ‘వాదించు’ అనే రాయాలి, అందులో నాకు అనుమానం లేదు. ఇంట్లో ‘డోంట్ ఆర్గ్యూ’ అన్నప్పుడు ‘ఎదురు చెప్పకు’ దగ్గరగా ఉంటుంది, అక్కడ పోట్లాట కంటే పెద్దవాళ్ళ మాటకు అడ్డు రావడమే అసలు విషయం.

మీ ఊళ్ళలో ‘తగవు’ను ఇంకా న్యాయం అనే అర్థంలో వాడే పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళన్న వాక్యం ఉన్నదున్నట్టు రాయండి.