ఏడో నెలలో చేప పెట్టొచ్చా, ఏడాది ఆగాలా?

నిద్రలేని_నాన్న
పాపకి ఏడో నెల నడుస్తోంది. మెత్తగా ఉడికించిన కూరగాయలు తింటోంది. మా ఆవిడ చేప మొదలుపెడదామంటోంది. మా అమ్మేమో ఏడాది నిండేదాకా చేప ఊసే ఎత్తొద్దంటోంది. మధ్యలో నేను నలుగుతున్నాను. ఏది సరైనదో కారణంతో సహా చెప్పండి. ఊరికే "మా పిల్లలకి పెట్టాం, ఏం కాలేదు" అంటే ఇంట్లో నా మాట చెల్లదు.

ఇద్దరి_తల్లి
ముందు మీ అమ్మగారిని తప్పు పట్టకండి. ఒకప్పుడు డాక్టర్లూ ఆ మాటే చెప్పేవాళ్లు. అలర్జీ ముప్పు ఉన్న పిల్లలకి మూడేళ్లు వచ్చేదాకా చేప వద్దని 2000లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం) చెప్పింది. ఆలస్యం చేస్తే అలర్జీ రాదనడానికి సరైన ఆధారం లేదని 2008లో అదే సంస్థ వెనక్కి తగ్గింది. ఆరు నెలలు నిండి, మెడ నిలిపి, ఆనుకుని కూర్చుని, గట్టి ఆహారం మింగగలిగితే చేపకోసం ప్రత్యేకంగా ఆగక్కర్లేదు. మా పెద్దాడికి రెండేళ్లు ఆపాను, చిన్నదానికి ఏడో నెలలోనే పెట్టాను.

అమ్మమ్మ_ఫోన్
నేను మీ అమ్మ పక్షం నాయనా. డాక్టర్లు మాట మార్చుకోవచ్చు, చేపలో ముల్లు మారదు కదా. పళ్లు కూడా రాని పిల్లకి అంత తొందరేం వచ్చింది? పైగా పాదరసం అంటున్నారు. కావాలంటే చేప నూనె చుక్కలు వేసుకోండి.

గణాంకాల_గోపి
పెద్దమ్మగారూ, ఆగడమే రిస్క్. అలర్జీ తెచ్చే పదార్థాలు ముందే పెడితే అలర్జీ 80 శాతం తగ్గుతుందని 2015లో తేలిపోయింది.

ఇద్దరి_తల్లి
గోపి గారూ, ఆ 2015 పరిశోధన వేరుశనగ మీద. ముప్పు ఎక్కువున్న పిల్లలకి నెలల వయసులోనే వేరుశనగ పెట్టి చూశారు. దాన్ని తెచ్చి చేపకి అతికించకండి. ఆలస్యం వల్ల లాభం కనబడలేదు అనడం వేరు, ముందు పెడితే ఇంత శాతం తగ్గుతుంది అనడం వేరు.

గణాంకాల_గోపి
సరే, ఒప్పుకుంటున్నా. శాతం వెనక్కి తీసుకుంటున్నా. అభిప్రాయం మాత్రం అదే.

ల్యాబ్_లక్ష్మి
పెద్దమ్మగారి పాదరసం భయం ఉత్తిది కాదు. అది మిథైల్ మెర్క్యురీ రూపంలో చేప కండలోని ప్రోటీన్‌ని పట్టుకుని ఉంటుంది. కడిగినా, తోలు తీసినా, ఎంతసేపు ఉడికించినా పోదు. చిన్న చేపని పెద్దది, దాన్ని ఇంకా పెద్దది తింటూ పోతుంటే పైకి వెళ్లేకొద్దీ పేరుకుంటుంది. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వ్యర్థాలు సముద్రంలో కలిసి జనం జబ్బుపడ్డ సంగతి 1956లో బయటపడింది. అక్కడ కొందరు తల్లులకి పెద్దగా లక్షణాలు లేకపోయినా, పుట్టిన బిడ్డల మెదడు దెబ్బతింది.

కాబట్టి సొరచేప, కత్తిచేప, మార్లిన్ పిల్లలకి అసలు వద్దు. సాల్మన్, సార్డిన్ లాంటి వాటిలో పాదరసం తక్కువ. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క ప్రకారం 1–3 ఏళ్ల పిల్లలకి ఒకసారికి సుమారు 28 గ్రాములు, వారానికి రెండుసార్లు. మీ పాపకి ఇప్పుడు చెంచాడు చాలు. నూనె చుక్కల సంగతంటారా, చేపలోని ప్రోటీన్ వాటిలో రాదు. కాడ్ లివర్ నూనె అయితే విటమిన్ ఎ మోతాదు మించిపోయే ప్రమాదం కూడా ఉంది.

అమ్మమ్మ_ఫోన్
పాదరసం సంగతి బాగా చెప్పావు తల్లీ. మరి ముల్లు?

వేలితో_చూస్తా
ముల్లు గురించి నేను చెప్తాను. నాకిది రోజూ పనే. సన్న ముళ్లు ఏ భాగంలోనైనా దాక్కోవచ్చు. ముక్క లోపలి దాకా తెల్లబడి రేకులుగా విడిపోయేలా ఉడికాక, నల్లటి పళ్లెంలో వేస్తాను. తెల్ల పళ్లెంలో ముల్లు కలిసిపోతుంది. ఒక్కో రేకునీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతాను. కన్ను వదిలేసిన వెంట్రుకంత ముల్లు కూడా వేలికి గుచ్చుకుంటుంది. ఆ పది నిమిషాలూ ఫోన్ ముట్టుకోను. మిక్సీని మాత్రం నమ్మకండి, ముల్లు పోదు, తునకలై ఇంకా దొరక్కుండా పోతుంది.

గొంతులో గుచ్చుకుంటే ఇంకేదో మింగించి కిందికి నెట్టొద్దు, వేలు పెట్టి కెలకొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. దగ్గుతోందంటే గాలి ఆడుతోందన్నమాట. ఏడుపూ దగ్గూ రాకుండా మౌనంగా గిలగిల్లాడితే అది ఊపిరాడకపోవడం. ఏడాదిలోపు పిల్లకి వీపు మీద ఎలా తట్టాలో, ఛాతీ మీద ఎలా నొక్కాలో చేప పెట్టకముందే నేర్చుకోండి.

ఒకసారి_భయపడ్డా
మేం చేసిన తప్పు చెప్తా. బాబుకి మొదటిసారి చేప రాత్రి పెట్టాం. అదే రోజు మొదటిసారి గుడ్డు కూడా. పావుగంటలో పెదవులు ఉబ్బాయి, వాంతి అయింది. ఆసుపత్రికి పరుగో పరుగు. వాడు కుదుటపడ్డాడు గానీ, దేనివల్లో తేల్చడానికి మళ్లీ పరీక్షలు. అందుకే పగలు పెట్టండి, ఆ రోజుకి కొత్తది అదొక్కటే ఉండాలి. కొందరు పిల్లల్లో దద్దుర్లేమీ లేకుండా ఒకటి నుంచి నాలుగు గంటల తర్వాత ఆగని వాంతులతో వాడిపోవడం ఉంటుంది, అదీ చూసుకోవాలి. గజ్జి లాంటి ఎగ్జిమా బాగా ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.

ఇంకోటి. చల్లదనం లేక బయట ఉండిపోయిన ట్యూనా, మాకరెల్ లాంటి చేపల్లో హిస్టమిన్ తయారవుతుంది. వండినా పోదు. అచ్చం అలర్జీలాగే ఒళ్లు ఎర్రబడుతుంది. తాజాదనం మీద అనుమానం వస్తే పారేయండి.

నిద్రలేని_నాన్న
అందరికీ థాంక్స్. ఈ ఉదయం మొదలుపెట్టాం, ఉప్పు వేయకుండా. ముక్కంతా నేనే నలిపి, అయిపోయిందన్నాను. అమ్మ నమ్మలేదు. కళ్లజోడు పెట్టుకుని పళ్లెం లాక్కుంది. "ఏడాది ఆగమన్నానా లేదా" అని సణుగుతూనే ఇంకో రెండు ముళ్లు తీసింది. పాప మొదటి చెంచా ఉమ్మేసింది, రెండోది మింగింది. ఇప్పటికి మూడు గంటలైంది, ఆడుకుంటోంది.