కేబుల్ టీవీ ఇచ్చిన ఇష్టాలు: మీరు ఇప్పటికీ ఆగి చూసేవి ఏవి?

పాతచిత్రం:
జెమిని, ఈటీవీ రెండూ 1995లోనే మొదలయ్యాయి. అంతకుముందు దూరదర్శన్‌లో వచ్చే ఒక్క తెలుగు సినిమా కోసం వారమంతా కాచుకున్న మనకు, కేబుల్ పుణ్యమా అని ఏ పూట టీవీ పెట్టినా ఏదో ఒక పాత చిత్రం కనిపించసాగింది. సగంలో తగిలినా కదలనివ్వని సన్నివేశం మీకు ఏది? నాకు మాయాబజార్‌లోని ‘అహ నా పెళ్ళియంట’ పాట. సుశీల గారి గొంతుకు సిగ్గులొలికే శశిరేఖగా ఉన్న సావిత్రి గారు, ఘంటసాల గారి గొంతు అందుకోగానే భుజాలు విరుచుకుని ఘటోత్కచుడైపోతారు. ఆ మార్పు కోసమే ఆ పాట ఎప్పుడు వచ్చినా రిమోట్ పక్కన పెట్టేస్తాను.

తెనాలి ప్రేక్షకుడు:
నాది గుండమ్మ కథ. ‘లేచింది నిద్ర లేచింది’ పాటలో ఎన్టీఆర్ పిండి రుబ్బుతూ పాడుతుంటే మా ఇంట్లో వంటగదిలో ఉన్నవాళ్ళు కూడా హాల్లోకి వచ్చేవారు. సూర్యకాంతం గారి గొంతు వినబడితే చాలు, పక్కవాటా పిన్నిగారు గుమ్మంలోంచే ‘ఎంతవరకు వచ్చింది?’ అని అడిగి కూర్చునేవారు. కథ అందరికీ కంఠతా వచ్చు కనుక, మొదటి నుంచి చూడలేదన్న వెలితి ఎవరికీ ఉండేది కాదు.

స్వరాభిమాని:
సినిమాల మాట అలా ఉంచితే, నన్ను టీవీ ముందు కూర్చోబెట్టినది 1996లో ఈటీవీలో మొదలైన పాటల పోటీ ‘పాడుతా తీయగా’. పాట పూర్తయ్యాక బాలసుబ్రహ్మణ్యం గారు ముందు పిల్లలను మెచ్చుకుని, తరువాత ఎక్కడ శ్రుతి జారిందో, ఏ ఒత్తు సరిగా పలకలేదో నొప్పించకుండా చెప్పి, ఆ ముక్కను తానే పాడి చూపించేవారు. ఆ పాట రాసిన కవి ఎవరో, రికార్డింగు నాడు ఏం జరిగిందో కూడా చెప్పేవారు. మాలాంటి చిన్న ఊళ్ళలో సంగీతం నేర్పేవారు దొరకని పిల్లలకు ‘శ’కూ ‘ష’కూ తేడా చెవికి తెలిసింది ఆ కార్యక్రమం వల్లనే. 2020లో ఆయన వెళ్ళిపోయాక కుమారుడు చరణ్ గారు దానిని కొనసాగిస్తున్నారు. పాత భాగాలు ఎక్కడ కనబడినా నేను ఇప్పటికీ చివరిదాకా చూస్తాను.

బెంగళూరు తెలుగు:
ఉద్యోగరీత్యా ఊరు వదిలి వచ్చిన మాకు ఆదివారం రాత్రి ‘అమృతం’ హాస్య ధారావాహిక ఉండేది. 2001 నుంచి 2007 వరకు జెమినిలో వచ్చింది. అమృతరావు పాత్రధారులు మారినా, ఆంజనేలుగా గుండు హనుమంతరావు గారు మాత్రం చెక్కుచెదరలేదు. సిరివెన్నెల గారు రాసిన టైటిల్ పాట మొదలైతే గదిలో ఎవరూ మాట్లాడేవారు కారు.

నలుపుతెలుపు:
మాయాబజార్ గురించి ఒక మనవి. 2010లో దాని రంగులద్దిన రూపం థియేటర్లకు వచ్చినప్పుడు నేనూ సంతోషంగానే చూశాను, పిల్లలు ఆ సినిమా వైపు తిరగడానికి అది ఉపకరించింది కూడా. అయినా ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే నీటి మీద పరిచిన వెన్నెల నలుపుతెలుపుల్లోనే నిండుగా ఉంటుందని నా గట్టి నమ్మకం. ఛానళ్ళు 1957 నాటి ప్రతినే వేస్తే బాగుంటుంది.

పాతచిత్రం:
నలుపుతెలుపు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. శశిరేఖ ప్రియదర్శిని పేటిక తెరిచే ఘట్టం కూడా ఆ పాత ప్రతిలోనే చూడవలసినది. ఎవరికి ప్రియమైనది వారికి చూపించే పెట్టెను, మన ఇళ్ళకు టీవీలు రాకముందే రచయిత పింగళి గారూ దర్శకుడు కె.వి.రెడ్డి గారూ ఊహించారు!

తెనాలి ప్రేక్షకుడు:
పాతచిత్రం గారూ, 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ టీవీ ఛానళ్ళకు కొత్త ధరల విధానం తెచ్చాక ఛానళ్ళను విడివిడిగా ఎంచుకునే వీలు వచ్చింది కదా. మా నాన్నగారికి పాత సినిమాలు తప్ప మరేమీ అక్కరలేదు. మీ కేబుల్‌లో బ్లాక్ అండ్ వైట్ చిత్రాలు ఎక్కువగా వేసే ఛానల్ ఏదో, ఏ వేళల్లో వేస్తారో ఇక్కడ రాయగలరా? ఈ నెల ప్యాకేజీలో అదే పెట్టిస్తాను.